ఎంఏహెచ్ శక్తిని చెప్పదు కదా, బ్యాటరీ మీద పెద్ద అక్షరాలతో అదే ఎందుకు?

మూడో పిన్ను:
నా పవర్ బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ అని కొట్టొచ్చినట్టు వేశారు. ఫోన్ బ్యాటరీ 5,000. రెండు ఫుల్ చార్జింగులు వస్తాయనే ఎవరైనా అనుకుంటారు, వచ్చేది ఒకటిన్నర. తిప్పి చూస్తే వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో లైను: "3.7 వోల్టులు, 37 వాట్ అవర్. 5 వోల్టుల వద్ద 6,000 ఎంఏహెచ్". ఒకే డబ్బాకి రెండు ఎంఏహెచ్‌లేంటండీ! ఎంఏహెచ్, అంటే మిల్లీ ఆంపియర్ అవర్, చార్జికి (విద్యుత్ ఆవేశానికి) యూనిట్, శక్తికి కాదు. చార్జిని కొలిచేది కూలుంబ్‌లలో. ఆంపియర్ అంటే సెకనుకి ఒక కూలుంబ్, గంటలో 3,600 సెకన్లు, కాబట్టి ఒక ఆంపియర్ అవర్ 3,600 కూలుంబ్‌లు, అందులో వెయ్యో వంతు ఒక ఎంఏహెచ్, 3.6 కూలుంబ్‌లు. ఇందులో శక్తిని కొలిచే జౌల్ అనే మాటే లేదు. అందుకే ఎంఏహెచ్ తీసిపారేసి శక్తిని చెప్పే వాట్ అవర్ ఒక్కటే రాయాలంటాను. కాదనేవాళ్లు రండి.

బల్బు బాబు:
దీనికి యూనిట్ల గొడవెందుకు అన్నా? 10,000 అని చెప్పి 6,000 ఇచ్చారు, నలభై శాతం నొక్కేశారు, అంతే.

ఓమ్ నమః:
నలభై కాదు బాబూ. లోపల సెల్లులో ఉన్నది 10 ఆంపియర్ అవర్ ఇంటూ 3.7 వోల్టులు, అంటే 37 వాట్ అవర్. బయటకి వచ్చేది 6 ఇంటూ 5, అంటే 30. పోయింది 7, సుమారు 19 శాతం. 3.7ని 5 వోల్టులకి పెంచే సర్క్యూట్ కొంత వేడి చేసుకుంటుంది, మిగతాది సెల్లులో, తీగల్లో పోతుంది. ఒక్క వాట్ అవర్ కూడా పోకపోయినా 5 వోల్టుల దగ్గర 7,400 ఎంఏహెచ్ మించి రాదు. వోల్టేజ్ పెంచితే చార్జ్ తగ్గాల్సిందే, లేకపోతే శక్తి ఊరికే పుట్టుకొచ్చినట్టు అవుతుంది. ఒక వోల్ట్ అంటేనే కూలుంబుకి ఒక జౌల్. ఆ వోల్టేజ్ ఎంతో చెప్పకుండా "కూలుంబుకి ఎన్ని జౌళ్లు" అని అడిగితే జవాబు ఉండదు.

ఎర్రతీగ:
లెక్క బాగుంది, తీర్పు మాత్రం ఒప్పుకోను. ఫోన్లలో దాదాపు అన్నీ లిథియం అయాన్ సెల్లులే, వోల్టేజ్ అటూ ఇటూ ఒకటే. 4,000 కంటే 5,000 పెద్దదని తెలుసుకోవడానికి వాట్ అవర్ ఎందుకు? జనానికి అలవాటైన అంకెని పీకేసి ఏం సాధిస్తారు?

సోల్డర్ పొగ:
అటూ ఇటూ ఒకటే అన్నచోటే ఉంది చిక్కంతా. 3.7 వోల్టుల 3,000 ఎంఏహెచ్ సెల్లులు మూడు తీసుకోండి. పక్కపక్కన సమాంతరంగా కలిపితే ప్యాక్ మీద 9,000 ఎంఏహెచ్ అని రాయొచ్చు, వోల్టేజ్ 3.7. అవే మూడూ శ్రేణిలో కలిపితే 3,000 ఎంఏహెచ్, 11.1 వోల్టులు. సెల్లులు మారలేదు, బరువు మారలేదు, రెండిట్లోనూ 33.3 వాట్ అవరే. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎంఏహెచ్ చూసి "ఇదేంటి, ఫోన్ కంటే తక్కువ" అనుకునేవాళ్లని ఎంతమందిని చూశానో.

ఎర్రతీగ:
సరే, ప్యాక్‌ల విషయం ఒప్పుకుంటా. కానీ చార్జ్ అంకెకి విలువే లేదన్నట్టు మాట్లాడుతున్నారు, అది తప్పు. సెల్లులో రసాయనం కొలిచేది ఎలక్ట్రాన్లనే. ఒక్కో లిథియం అయాన్‌కి ఒక్కో ఎలక్ట్రాన్, ఒక మోల్‌కి సుమారు 96,485 కూలుంబ్‌లు, అంటే 6.94 గ్రాముల లిథియానికి దాదాపు 26.8 ఆంపియర్ అవర్. ఇది పదార్థం ఎంత ఉందో చెప్పే అంకె. వాట్ అవర్ మీరు వాడే తీరుని బట్టి మారుతుంది. నెమ్మదిగా వాడితే ఒకటి, ఒక్కసారిగా లాగేస్తే ఇంకొకటి, ఎందుకంటే లోపలి నిరోధం వల్ల వోల్టేజ్ పడిపోతుంది, ఆ తేడా సెల్లు వేడెక్కడానికి పోతుంది. చార్జ్ అంతగా మారదు. మీ ఫోన్‌లో బ్యాటరీ శాతం చూపించే చిప్ కూడా ఒక బుల్లి నిరోధం మీదుగా పోయే కరెంటుని సెకను సెకనుకీ కూడుకుంటూ కూలుంబ్‌లే లెక్కపెడుతుంది.

మూడో పిన్ను:
చిప్పుకి అది పనికొస్తుంది, కాదనను. కొనేవాడికి కావాల్సింది పదార్థం కాదు కదా అన్నా, పని. మీ మాటనే తిప్పి చెప్తా చూడండి. సగటున 4 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ అవర్ ఎక్కించి, 3.7 దగ్గర దాన్ని దించుకుంటే చార్జ్ లెక్క సరిగ్గా సరిపోతుంది, లోపలికి ఎంతో బయటకి అంతే. నష్టం సున్నా అనిపిస్తుంది. కానీ 4 వాట్ అవర్ పెట్టి 3.7 తీసుకున్నాం. ఆ 0.3 మీ చార్జ్ లెక్కలో ఎక్కడ కనిపిస్తుంది?

రేపు పరీక్ష:
మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. ఎలక్ట్రాన్ ఆవేశం 1.602176634 × 10⁻¹⁹ కూలుంబ్, ఎలక్ట్రాన్ వోల్ట్ కూడా 1.602176634 × 10⁻¹⁹ జౌల్. అంకె ఒకటే కదా, మరి రెండూ ఒకటేనా?

ఓమ్ నమః:
కాదమ్మా. మొదటిది చార్జ్, రెండోది ఆ చార్జ్ ఒక వోల్ట్ తేడా దాటితే వచ్చే శక్తి. ఒకటితో గుణించాం కాబట్టి అంకె కదల్లేదు, యూనిట్ మాత్రం మారిపోయింది. అదే ఎలక్ట్రాన్ వెయ్యి వోల్టులు దాటితే చార్జ్ అంతే ఉంటుంది, శక్తి వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టులు అవుతుంది. 2019 మే 20 నుంచి ఆ ఆవేశం విలువని స్థిరంగా ఖాయం చేసి ఆంపియర్‌ని దాని మీదే నిర్వచించారు.

సోల్డర్ పొగ:
పరీక్షలో ఇంకోటి కూడా అడుగుతారు, జాగ్రత్త. చార్జ్ ఇంటూ వోల్టేజ్ అని గుడ్డిగా కెపాసిటర్‌కి (చార్జ్ దాచుకునే పరికరానికి) వేయకు. 1 ఫారడ్ కెపాసిటర్‌ని 5 వోల్టులకి నింపితే 5 కూలుంబ్‌లు, గుణిస్తే 25. దాచుకున్నది మాత్రం 12.5 జౌళ్లే, ఎందుకంటే మొదటి కూలుంబ్ ఎక్కేటప్పుడు వోల్టేజ్ సున్నా నుంచి మొదలైంది. స్థిరమైన 5 వోల్టుల సప్లయ్‌తో నింపితే మిగతా సగం దారిలో నిరోధంలోనే కాలిపోతుంది. బ్యాటరీకి 3.7 అని గుణించడం కూడా సగటు లెక్కే. నిజానికి సెల్లు 4.2 నుంచి 3 దాకా జారుతూ ఉంటుంది.

బల్బు బాబు:
నాదో ప్రశ్న. విమానంలో 100 వాట్ అవర్ దాకా అయితే ప్రత్యేక అనుమతి అక్కర్లేదంటారు కదా. నాది 20,000 ఎంఏహెచ్, 5తో గుణిస్తే సరిగ్గా 100 వచ్చింది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

మూడో పిన్ను:
5తో కాదు, సెల్లు వోల్టేజ్‌తో గుణించాలి. 20 ఇంటూ 3.7, 74 వాట్ అవర్. మామూలుగా అయితే చేతి సామానులో తీసుకెళ్లొచ్చు, చెక్-ఇన్ బ్యాగులో మాత్రం పెట్టకండి, ఆ ఎయిర్‌లైన్ నియమం కూడా ఓసారి చూసుకోండి. ఎర్రతీగ గారూ, చూశారా, ఒక్క వాట్ అవర్ అంకె ముందువైపు ఉంటే ఈయనకీ తిప్పలు ఉండేవి కావు.

ఎర్రతీగ:
ముందువైపు రెండూ వేయమనండి, నాకేం అభ్యంతరం లేదు. ఎంఏహెచ్ పక్కన ఏ వోల్టేజ్ దగ్గరో కూడా రాయాలి. తీసేయమంటే మాత్రం ఒప్పుకోను. రేపు పాతబడ్డ సెల్లు మిగిలిన కెపాసిటీ ఎంతో పరీక్షించాల్సి వస్తే స్థిరమైన కరెంటుతో ఖాళీ చేసి, ఎంత సేపు పట్టిందో చూసి ఆ ఎంఏహెచ్ అంకెతోనే పోల్చుతాను.

మూడో పిన్ను:
పోల్చుకోండి, కాకపోతే మీకు కావాల్సిన ఆ అంకె వెనక ఉన్న చీమ తలకాయ లైన్లోకి వెళ్లాలి, 37 ముందుకి రావాలి.