ఇంటి కాఫీలో ఆదా ఎక్కడ: చికోరీలోనా, గింజలోనా?

రాయగడ నివాసి:
2024లో బ్రెజిల్, వియత్నాం దేశాల్లో పంట దెబ్బతిన్నాక మన కాఫీ పొడి ధర కూడా పెరిగింది. మా ఇంట్లో నలుగురం రెండు పూటలా ఫిల్టరు కాఫీ తాగుతాము. చికోరీ, అంటే కాఫీలో కలిపే వేయించిన వేరు పొడి, వంతు ఎక్కువ ఉన్న పొడికి మారుదామని మా వారు అంటున్నారు. మన ఒడిశాలోని కొరాపుట్ కొండల పచ్చి కాఫీ గింజలు తెచ్చి ఇంట్లోనే వేయించుకుంటే ఇంకా చవక అని మా మరిది వాదన. ఈ రెండింటిలో నిజంగా డబ్బు మిగిల్చేది ఏదో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జయపురం పాఠకుడు:
అమ్మా, మీ మరిది గారి మాటలో సగం నిజముంది. మన కొండల్లో పండేది మంచి అరబికా రకం కాఫీ. మాచ్‌ఖండ్ జలాశయంలో మట్టి పేరుకోకుండా కొండవాలులను కాపాడడానికి 1950ల చివరలో ప్రభుత్వమే ఇక్కడ కాఫీ తోటలు వేయించింది. నేడు గిరిజన రైతుల గింజను ఒడిశా గిరిజనాభివృద్ధి సహకార సంస్థ కొని ‘కొరాపుట్ కాఫీ’ పేరుతో అమ్ముతున్నది. అయితే కిలో పచ్చి గింజలు వేయిస్తే తేమ పోయి చేతికి వచ్చేది 800 నుంచి 850 గ్రాములే కనుక, పచ్చి గింజ ధరను పొడి ధరతో నేరుగా పోల్చకూడదు. పైగా మూకుడులో కొన్ని మాడుతాయి, కొన్ని లోపల పచ్చిగానే మిగులుతాయి. వేయించిన గింజలు కొని, వారానికి సరిపడా మాత్రమే మర పట్టించుకోవడం మేలు. పొడి కొట్టిన కొద్ది రోజులకే వాసన తగ్గుతుంది. అప్పుడు మనకు తెలియకుండానే ఫిల్టరులో ఇంకో చెంచా వేస్తాము. ఆ చెంచాలోనే డబ్బు పోతున్నది.

బరంపురం ఉపాధ్యాయుడు:
చికోరీని కల్తీగా చూడడం న్యాయం కాదు. నీటిలో కరిగే పదార్థం వేయించిన చికోరీ వేరులో కాఫీ కంటే చాలా ఎక్కువ. అందువల్లనే డికాక్షన్ చిక్కగా, నల్లగా దిగి, పాలు ఎక్కువ పోసినా రంగు నిలుస్తుంది. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదని, చికోరీ ఎంతో ప్యాకెట్టు మీద రాయాలని నిబంధన ఉంది. అది చదివి 80 పాళ్లు కాఫీ, 20 పాళ్లు చికోరీ ఉన్న 80:20 పొడి కొనుక్కుంటే రుచికీ లోటు లేదు, ఖర్చూ తగ్గుతుంది.

పర్లాకిమిడి వాసి:
ఇరువురూ కిలో ధర దగ్గరే ఆగిపోయారు. నేను కప్పు లెక్క చెబుతాను. లీటరు పాలు 60 రూపాయలు, అచ్చమైన కాఫీ పొడి కిలో 700, చికోరీ బాగా కలిసిన పొడి 500 అనుకుందాము. కప్పుకు 8 గ్రాముల పొడి, 100 మిల్లీలీటర్ల పాలు పడితే, పొడి ఖర్చు 5 రూపాయల 60 పైసలు, పాల ఖర్చు 6 రూపాయలు. అంటే పాలే ఖరీదు. చికోరీ పొడికి మారితే కప్పుకు 1 రూపాయి 60 పైసలు, రోజుకు ఎనిమిది కప్పుల మీద నెలకు 384 రూపాయలు మిగులుతుంది. ఇది చిన్న మొత్తం కాదని ఒప్పుకుంటాను. కానీ హుషారునిచ్చే కెఫీన్ చికోరీలో లేదు. కాఫీ చాలలేదని ఇంట్లో రోజుకు ఒక్క కప్పు అదనంగా కలిపినా, చక్కెర కాక, నెలకు 300 తిరిగి పోతుంది. అచ్చమైన పొడితోనే ఉండి కప్పుకు 20 మిల్లీలీటర్ల పాలు తగ్గించుకుంటే 288 మిగులుతుంది, డికాక్షన్ రుచీ తెలుస్తుంది.

బరంపురం ఉపాధ్యాయుడు:
లెక్క బాగుంది గాని, ఆ అదనపు కప్పు ఊహ మాత్రమే. మన ఇళ్లలో కాఫీ పూటను బట్టి తాగుతారు, కెఫీన్‌ను బట్టి కాదు. అంతకంటే అదే పొడి మీద మళ్లీ నీరు పోస్తే దిగే రెండో డికాక్షన్‌ను పారబోయకుండా వాడుకుంటే ఎక్కువ కలిసివస్తుంది.

జయపురం పాఠకుడు:
రెండో డికాక్షన్‌తో నేను ఏకీభవించలేను. రుచి, వాసన మొదటిసారే దిగిపోతాయి. తరువాత వచ్చేది ఎక్కువగా చేదు. మరిగిన నీటిని ఒకేసారి కుమ్మరించక, మొదట పొడి తడిసేంత పోసి, అర నిమిషం ఆగి మిగిలినది పోసి మూత పెడితే, మొదటి డికాక్షనే చిక్కగా దిగుతుంది. ఫిల్టరులో పొడి మీద పెట్టే బిళ్లను గట్టిగా నొక్కితే నీరు దిగదు, తేలికగా ఉంచాలి.

రాయగడ నివాసి:
అందరికీ కృతజ్ఞతలు. పాలు తగ్గిస్తే మా అత్తగారు ఒప్పుకోరు కనుక, 80:20 పొడి వారానికి అర కిలో చొప్పున తెచ్చి, పాల ఖర్చుతో కలిపి ఒక నెల రాసి చూస్తాము. పచ్చి గింజల సంగతి, మూకుడు దగ్గర మా మరిదే నిలబడతానంటే అప్పుడు ఆలోచిస్తాను.