అప్‌డేట్: బొలెరో హిచ్ రిసీవర్ సైజు తేలింది

జనరేటర్ ట్రైలర్ లాగాలి, మా పాత బొలెరో వెనకున్న రిసీవర్ (ట్రైలర్ తగిలించే మౌంట్ కడ్డీని దూర్చే చదరపు గొట్టం) రెండు అంగుళాలదా రెండున్నరదా అని అడిగాను కదా. రెండే.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో టేపు బయటి అంచులకు పెట్టి రెండున్నర అన్నారు. తంటా అక్కడే వచ్చింది. కొలవాల్సింది చదరపు గొట్టం లోపలి ఖాళీని. దీని గోడ మందం పావు అంగుళం, రెండు వైపులా కలిపి అరంగుళం తేడా. మూతి చుట్టూ వెల్డింగ్ చేసిన పట్టీ ఉంటే ఇంకా పెద్దగా కనిపిస్తుంది. మీలో ఒకరు చెప్పినట్టు వెర్నియర్ (కచ్చితంగా కొలిచే పరికరం) పెడితే 51 మి.మీ. పైచిలుకు వచ్చింది. మౌంట్ జారకుండా పెట్టే పిన్ను రంధ్రం 16 మి.మీ., అంటే 5/8 అంగుళం.

బాల్ (మౌంట్ చివర ఉండే ఇనుప గుండు) సైజు వేరే లెక్క, అది ట్రైలర్ కప్లర్ (ఆ గుండు మీద కూర్చునే ట్రైలర్ ముందు భాగం) మీద కొట్టి ఉంటుంది. నాది 50 మి.మీ.

సైజు కుదిరినంత మాత్రాన బరువు లాగదు. రిసీవర్, మౌంట్, బాల్, బండి, వీటిలో దేని కెపాసిటీ తక్కువైతే అదే పరిమితి. నా రిసీవర్ ప్లేట్ మీద అంకెలు తుప్పుపట్టాయి. ఎవరైనా ఇలాంటిది చూసుంటే ఫోటో పెట్టండి.