మడత బెంచీకి ఊడదీసే వైస్: ఆకురాయి పట్టేటప్పుడు పలక లేస్తోంది

విజయవాడలో సైటు పనులకు వాడే మడత వర్క్‌బెంచీ ఇది. దానిమీద 4 అంగుళాల బెంచ్ వైస్‌ని (వస్తువును దవడల మధ్య బిగించి పట్టే సాధనం) పనయ్యాక తీసేసేలా అమర్చాను. 18 మి.మీ. ప్లైవుడ్ పలకకి వైస్‌ను 10 మి.మీ. బోల్టులతో బిగించి, పలక అడుగున పొడవునా 40 మి.మీ. టేకు రీపరు కొట్టాను. బెంచీ పైన రెండు చెక్కలుంటాయి: ఒకటి స్థిరం, రెండోది మరలు తిప్పితే కదులుతుంది. ఆ రీపరును ఈ రెండు చెక్కలూ నొక్కి పట్టుకుంటాయి.

అంగుళం జీఐ పైపు హ్యాక్సాతో కోస్తే ఇబ్బంది లేదు. ఆకురాయిని గట్టిగా తోస్తే మాత్రం నావైపు అంచు 3 మి.మీ. దాకా లేస్తోంది. వైస్ దవడలు పలకకి ఎత్తులో ఉండటంతో తోసిన బలమంతా రీపరును మెలితిప్పుతోంది.

రబ్బరు షీటు వేస్తే ఊగడం ఇంకా పెరిగింది. బెంచీ మరలు మరింత బిగిస్తే కదిలే చెక్కే పక్కకి ఒరుగుతోంది. ముందు అంచున జీ క్లాంపులు వేస్తే పలక కదలదు గానీ, వైస్ పిడి తిరగడానికి అవి అడ్డం.

ఆటోనగర్‌లో 10 మి.మీ. రెక్కల నట్లు, వెడల్పు వాషర్లు తెచ్చాను. బెంచీకున్న 20 మి.మీ. రంధ్రాల్లోంచి బోల్టులు దించి బిగించాలని ఆలోచన. బోల్టులు స్థిరంగా ఉండే చెక్కకే వేయాలా, కదిలే చెక్కకి కూడా వేయాలా?