చిన్న ఎనర్జీ షేర్ మూడేళ్లుగా కదలట్లేదు, ఇంకా పట్టుకోవాల్నా అమ్మేయాల్నా?

అనంతపురం కుర్రోడు:
అన్నలూ ఒక సలహా కావాల. రామగిరి కొండల మీద గాలిమరలు చూస్తా పెరిగినోణ్ణి, ఆ నమ్మకంతోనే గాలిమరల మెయింటెనెన్స్ చేసే ఒక చిన్న కంపెనీ షేర్లు 42కి కొన్నా. అప్పట్నుంచి 36కి పోతాది, 45కి వస్తాది, మళ్లీ ఆడికే. కొత్త ఆర్డర్ వచ్చిందని ప్రకటనలు మాత్రం ఇస్తానే ఉండారు. గాలిమరలు తయారుచేసే సుజ్లాన్ షేర్‌ని 2020లో 2 రూపాయల దగ్గర అమ్ముకున్నోళ్లు గుర్తొచ్చి అమ్మలేకపోతున్నా. ఇంకోపక్క చేన్లో బోరు ఎండిపోయింది, కొత్తది వేయించాలని నాయన అడుగుతాండాడు. వదిలేయాలా వద్దా అని మీరైతే ఏం చూసి డిసైడ్ అవుతారు?

కర్నూలు సీమ:
తమ్ముడూ, సుజ్లాన్ కథ సగమే చెప్పినావ్. 2008 మొదట్లో 400 పైన కొన్నోళ్లకి, 2024లో అది 80 దాటినా అసలు కూడా రాలేదు. కింద నుంచి లేచింది కూడా జనం ఓపిక పట్టినందుకు కాదు, 2022లో రైట్స్ ఇష్యూతో (ఉన్న షేర్‌హోల్డర్లకే కొత్త షేర్లు అమ్మి) 1,200 కోట్లు తెచ్చి అప్పు తగ్గించుకున్నారు కాబట్టి. నీ కంపెనీ అప్పు తగ్గుతోందా? ఇంకోటి, ధర కదలట్లేదు అంటున్నావు సరే, మొత్తం షేర్లు ఎన్నైనాయో చూసినావా? బీఎస్ఈ సైట్లో షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ ఉంటాది, నువ్వు కొన్నప్పటిదీ ఇప్పటిదీ పక్కపక్కన పెట్టి చూడు. ప్రమోటర్లకి, అంటే కంపెనీ నడిపే యజమానులకి, వారంట్లు (ముందే తేల్చిన ధరకి తర్వాత షేర్లు తీసుకునే హక్కు) ఇచ్చినారంటే మొదట పావు వంతు డబ్బే కట్టి, మిగతాది 18 నెలల్లోపు కట్టి షేర్లుగా మార్చుకుంటారు, అట్లా మార్చుకున్నాక నీ వాటా పల్చబడిపోతాది.

అనంతపురం కుర్రోడు:
ఇప్పుడే చూసినానన్నా. 1.1 కోట్ల షేర్లు 1.9 కోట్లయినాయి. అప్పు మాత్రం అట్లనే ఉంది.

కడప లెక్కలు:
అయితే కొత్త షేర్లకి వచ్చిన డబ్బు యాడికి పోయిందో క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్లో (నిజంగా డబ్బు ఎంత వచ్చి ఎంత పోయిందో చూపే లెక్క) వెతుకు, నాకైతే అదే అసలు ప్రశ్న. రాబడి కాగితం మీద పెరిగి, కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీ అంతకంటే వేగంగా పెరుగుతుంటే ఆ ఆర్డర్ల ప్రకటనలకి విలువ లేదు. ఒక్కోసారి ఇది కంపెనీ తప్పు కాదు, 2019లో మన రాష్ట్రంలో పీపీఏల (కరెంటు కొనే ఒప్పందాల) సమీక్ష మొదలైనప్పుడు గాలి, సోలార్ వాళ్ల బిల్లులు ఇరుక్కుపోయి, 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం రేటుకే కట్టమన్నాక గానీ దారి తేలలేదు, అట్లాంటప్పుడు ఆగడంలో అర్థముంది. ఇదే పని చేసే మిగతా కంపెనీలకి డబ్బు వస్తా నీ దానికే రాకుంటే మాత్రం ఆగొద్దు. నష్టానికి అమ్మినా, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ టైముకి వేస్తే ఆ నష్టాన్ని 8 ఏళ్లు ముందుకు తీసుకుపోవచ్చు, కాకపోతే ఏడాది దాటిన షేర్ల నష్టం లాంగ్ టర్మ్ లాభంలోనే తగ్గుతాది.

ప్రొద్దుటూరు బ్రదర్:
నేనైతే మొత్తం అమ్మను. బోరుకి కావాల్సినంత తీసి, మిగతాది మే నెలాఖరులోపు వచ్చే వార్షిక ఫలితాల దాకా ఉంచుతా, బాకీలు వసూలైనట్టు కనపడకపోతే ఆరోజే బయటికి.

కర్నూలు సీమ:
బోరు వరకు సరే బ్రదర్, మిగతాదానికి నేను ఒప్పుకోను. షేర్ల సంఖ్య అంత పెరిగి అప్పు తగ్గలేదంటే ఇంక ఫలితాలు చూసేదేముంది? తమ్ముడూ, ఇట్లాంటి షేర్లో రోజుకి వాల్యూమ్ (చేతులు మారే షేర్లు) చాలా తక్కువుంటాది, వచ్చిన ధరకి అమ్మేసే మార్కెట్ ఆర్డర్ పెట్టినావంటే నువ్వే ధర పడగొట్టుకుంటావ్. ఇంతకి తక్కువైతే అమ్మనని లిమిట్ పెట్టి కొంచెం కొంచెంగా అమ్ము, 40 దగ్గరికి వచ్చినా చాలు, 42 కోసం కూర్చోవద్దు.