కంపేరబులా, కంపేరటరా? జీతం వరస క్లాసులో ఉండొచ్చా?

కృష్ణాతీరం: మా జావా కోడ్‌లో ఉద్యోగి క్లాసుకు ఎవరో కంపేరబుల్ (క్లాసుకు సొంత వరస ఇచ్చేది) పెట్టి, దాని కంపేర్‌టు మెథడ్‌లో జీతాలు పోల్చారు. ఇప్పుడు హెచ్ఆర్ వాళ్లకు పేర్ల వరస కావాలి. కంపేర్‌టు మార్చేయనా, వేరే కంపేరటర్ (విడిగా ఇంకో వరస చెప్పేది) రాయనా?

పాతకాపు: కంపేర్‌టు ముట్టుకోవద్దు, దాన్ని నమ్ముకున్న కోడ్ ఇంకెక్కడుందో తెలియదు. కంపేరటర్ రాయండి. 2014లో జావా 8 వచ్చాక కంపేరింగ్, దెన్‌కంపేరింగ్ మెథడ్లతో ఒక్క లైను పని. అసలు తేదీకి, అంకెకు ఒక వరస ఉంటుంది గానీ మనిషికి ఏముంటుంది?

సాగరిక: ఆ ఒక్క లైనే పదిచోట్ల పదిరకాలుగా పడుతుంది. మా పాత ఆఫీసులో అదే జరిగింది. పేరు ఖాళీగా (నల్) ఉన్నవాళ్లు ఒక స్క్రీన్‌లో ముందు, ఇంకోదాంట్లో చివర. మూడోది నల్ పాయింటర్ ఎర్రర్‌తో పడిపోయింది. క్లయింటు చేత తిట్లు తిన్నది నేను.

బుల్లోడు_99: కంపేర్‌టులో జీతాలు తీసివేతతో (ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, వచ్చిన గుర్తు చూసి) పోల్చారా? అయితే ముందు ఇంటీజర్.కంపేర్ పెట్టండి.

సాగరిక: జీతం మైనస్‌లో ఉండదు కదా, ఓవర్‌ఫ్లో (అంకె పట్టకపోవడం) ఎలా అవుతుంది?

బుల్లోడు_99: రేపు ఆ లైనే కాపీ కొట్టి అకౌంట్ బ్యాలెన్సుకు వాడతారు. 200 కోట్లలోంచి మైనస్ 100 కోట్లు తీసేస్తే 300 కోట్లు. ఇంట్ అనే పూర్ణాంకాల టైపులో పట్టేది 214 కోట్ల చిల్లరే. గుర్తు తిరగబడుతుంది.

పాతకాపు: తీసివేత గొడవ ఆపండి బాబూ! నేను పడ్డ బాధ వేరు. ఇలాంటి క్లాసునే ఒకరు ట్రీసెట్‌లో (వరసలో ఉంచి, సమానమైనవాటిలో ఒక్కటే ఉంచుకునే సెట్) వేశారు. ఇద్దరికీ 40,000 జీతం. కంపేర్‌టు సున్నా, అంటే ఇద్దరూ సమానమని, ఇచ్చేసరికి రెండో మనిషి సెట్‌లోకే వెళ్లలేదు. ఎర్రర్ లేదు, లాగ్ లేదు. ఆ నెల ఆయనకు జీతం పడలేదు. మీరేమో స్క్రీన్ల గురించి మాట్లాడుతున్నారు.

సాగరిక: అంటే మీ కోపం కంపేరబుల్ మీద కాదు, ఈక్వల్స్‌తో (రెండూ ఒకటేనా అని చూసే మెథడ్) పొసగని కంపేర్‌టు మీద. ఉద్యోగి నంబరుతో పోలిస్తే ఆ సమస్యే రాదు.

పాతకాపు: నంబరుతో అయితే ఒప్పుకుంటాను. కానీ ఏ వరస కావాలో వాడేవాళ్లు చెప్పాలి, క్లాసు రాసినవాళ్లు కాదు.

సాగరిక: అక్కడే మనకు పడట్లేదు. వాడేవాళ్లకు వదిలేస్తే ఏమవుతుందో నేను చూశాను.

గోదారి_గట్టు: స్ట్రింగ్ క్లాసులో కేస్ ఇన్‌సెన్సిటివ్ ఆర్డర్ ఉన్నట్టే, పేర్ల వరసను ఉద్యోగి క్లాసులోనే స్టాటిక్ (క్లాసుకే చెందిన) కంపేరటర్‌గా పెట్టండి. ఖాళీ పేర్లకు నల్స్‌లాస్ట్ (నల్‌లను చివరికి పంపేది) అందులోనే చేర్చేయండి. కంపేర్‌టును కదపక్కర్లేదు.

సాగరిక: పెట్టినా, దాన్నే వాడమని రివ్యూలో పట్టుబట్టే మనిషి ఉండాలి.

పాతకాపు: ఆ మనిషి ఎలాగూ ఉండాల్సిందే కదండీ. కృష్ణాతీరం గారూ, ముందు మీ కోడ్‌లో ఉద్యోగుల్ని ట్రీసెట్‌లో, కీలను అలాగే వరసలో ఉంచే ట్రీమ్యాప్‌లో కీలుగా ఎక్కడ వేశారో వెతకండి. పేర్ల వరస సంగతి తర్వాత.