శూన్యత అంటే ఏమీ లేదని అర్థమా?

ప్రశ్న: ఆచార్య నాగార్జునుడు సర్వం శూన్యమన్నాడని చదివినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. అన్నీ శూన్యమే అయితే దుఃఖమూ, దాని నుంచి విముక్తి చూపే మార్గమూ కూడా లేనట్టే కదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు: మీ సందేహం చాలా పాతదండీ, నాగార్జునుడి గ్రంథం మూలమధ్యమకకారికలోని 24వ ప్రకరణం సరిగ్గా ఈ ఆక్షేపణతోనే మొదలవుతుంది. దేనిని ప్రతీత్యసముత్పాదం, అంటే కారణాలపై ఆధారపడి పుట్టడం, అంటామో దానినే శూన్యత అంటామని అక్కడి 18వ కారిక (శ్లోకం) చెబుతుంది. కుండనే తీసుకోండి: మట్టి, నీరు, సారె, కుమ్మరి చేయి, ఆవం మంట, చివరికి దానిని కుండ అని పిలిచే మనం, వీటన్నిటినీ పక్కన పెట్టి వెతికితే కుండతనం అనేది విడిగా ఎక్కడా దొరకదు. దొరకనిది ఆ స్వభావమే, అంటే దేనిపైనా ఆధారపడకుండా తనంతట తానుగా ఉండే తత్వమే. కుండలో నీళ్లు మాత్రం నిలుస్తూనే ఉంటాయి.

రెండో జవాబు: నాకు ముఖ్యమనిపించే మాట ఒకటి చేరుస్తాను. దుఃఖానికి మార్పులేని స్వభావమే ఉంటే అది ఎన్నటికీ తొలగదు. కారణాలపై ఆధారపడింది కనుకనే ఆ కారణాలతో పాటు అదీ తొలగుతుంది. మార్గం సాధ్యమయ్యేది శూన్యత వల్లనే.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలు. అయితే శూన్యతకైనా స్వభావం ఉందా?

మొదటి జవాబిచ్చినవారు: లేదండీ. శూన్యతనే ఒక దృష్టిగా, అంటే ఒక సిద్ధాంతంగా పట్టుకున్నవారు నయం చేయడానికి వీలులేనివారని 13వ ప్రకరణం చివర ఆయనే అన్నాడు. దానిని తప్పుగా గ్రహించడాన్ని, పామును సరిగా పట్టుకోకపోవడంతో పోల్చాడు.