ఈ వారం సమస్య: పట్టపగలు చుక్క పలుకరించె

నిర్వాహకుడు (మైలాపూరు):
ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. కష్టమొస్తే పట్టపగలే చుక్కలు కనిపించాయంటాం కాబట్టి అటు మళ్ళడం తేలిక. అందుకే ఒక షరతు: పేలిన నక్షత్రం మీద రాసినవారికే పెద్దపీట. గణాలూ యతులూ చూసినట్టే ఆకాశాన్నీ చూస్తాను.

పెరంబూరు అక్కయ్య:
చీనవారు చూచి చేర్చిరి లెక్కలో
నతిథి యనుచు దాని నాదరించి
యిరువదియును మూడు వరుస దినాలుగా
పట్టపగలు చుక్క పలుకరించె

1054 జులై 4న వృషభరాశిలో కనిపించిన చుక్క ఇది. 'అతిథి' నా కల్పన కాదు, చీనా జ్యోతిష్కులు పెట్టిన పేరే.

నిర్వాహకుడు:
మూడో పాదంలో ప్రాసయతి చక్కగా కుదిరింది. పగలు 23 రోజులు, రాత్రిళ్ళు దాదాపు రెండేళ్ళు కనిపించిందని వాళ్ళ లెక్క. దాని శిథిలమే ఇప్పుడు మనం చూసే క్రాబ్ నెబ్యులా. దూరం సుమారు 6,500 కాంతి సంవత్సరాలు. అంటే చీనావాళ్ళు తలెత్తి చూసేనాటికే ఆ నక్షత్రం పోయి ఆరున్నర వేల ఏళ్ళయింది, పలకరింపు మాత్రం అప్పుడందింది! అక్కయ్యా, ఇంత సంగతి చేతిలో ఉండగా 'ఆదరించి' అని ఒక పాదం మర్యాదలకే ఖర్చుపెట్టారేం?

వేళచ్చేరి:
షరతు మీరుతున్నాను మాస్టారూ, క్షమించాలి.

అగ్నికార్తె యెండ, యద్దె పెంచిన లేఖ,
నీటి లారి రాదు, నేడు రేపు,
నట్టనడుమ నన్ను నలిపెడు వేళలో
పట్టపగలు చుక్క పలుకరించె

పెరంబూరు అక్కయ్య:
మా వీధికీ రాలేదు బాబూ.

నిర్వాహకుడు:
పోటీకి పనికిరాదు. తీసేయమనడానికి మాత్రం నోరు రావట్లేదు.

తాంబరం తమ్ముడు:
ఆర్ద్ర పేలి చెదరె నాకాశమందున
రుద్రు కంటి మంట రువ్వినట్లు
నేడు కాంచినాము నిక్కము నమ్ముడు
పట్టపగలు చుక్క పలుకరించె

నిర్వాహకుడు:
తమ్ముడూ, రెండో పాదం ఈ వారానికే అందం. ఆర్ద్రకు అధిదేవత రుద్రుడు, మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, ఇక్కడి శివాలయాల్లో ఆరుద్ర దర్శనం చేసుకునేవాళ్ళకు ఆ పోలిక విప్పి చెప్పక్కర్లేదు. యతులన్నీ సరే. చిక్కంతా మూడో పాదంలో ఉంది. ఆర్ద్ర, అదే బెటెల్గ్యూస్, మనకు ఇంకా వెలుగుతూనే కనిపిస్తోంది. 2019 చివర్లో మసకబారినప్పుడు పేలిపోతుందేమోనని లోకమంతా ఎదురుచూసింది. తీరా చూస్తే అది కక్కిన వాయువు చల్లబడి ధూళిగా మారి అడ్డొచ్చిందని తేలింది. పేలడానికి ఇంకా లక్ష ఏళ్ళయినా పట్టవచ్చు. ఇచ్చిన పాదంలోనేమో 'పలుకరించె' అని భూతకాలం. కాబట్టి కల ఒక్కటే దారి:

నిదురలోన రాత్రి నే గన్న కలలోన

'నమ్ముడు' అని బతిమాలే పనీ తప్పుతుంది, రాత్రికీ పట్టపగలుకీ వైరమూ కుదురుతుంది. ఇంకో మాట. ఆర్ద్రకార్తె అంటే సూర్యుడు ఆర్ద్ర దగ్గర ఉండే కాలం, జూన్ 22 ప్రాంతం. ఆ రోజుల్లో ఆ చుక్క ఎండతోపాటే ఉదయించి ఎండతోపాటే అస్తమిస్తుంది. పేలుడు వెలుగు సరిగ్గా అప్పుడే చేరితే మనకు దాదాపు పగలే దర్శనం! కార్తె పేరు ఒక్కటి పద్యంలో పడి ఉంటే సమస్య దానంతటదే విడిపోయేది.

అన్నానగర్ తాతగారు:
ఓడ మీద లెక్కలొప్పుగా జేసిన
చెన్నపురి యువకుడు చెప్పినట్లు
బరువు మించి పేలి ధగధగ మండగా
పట్టపగలు చుక్క పలుకరించె

మన ప్రెసిడెన్సీ కాలేజీ కుర్రవాడు చంద్రశేఖర్. 1930లో ఇంగ్లండు వెళ్తూ ఓడలో వేసిన లెక్కలవి, అప్పటికి 19 ఏళ్ళు. ఆ పనికి 1983లో నోబెల్.

పెరంబూరు అక్కయ్య:
తాతగారూ, మూడో పాదంలో 'బ'కు 'ధ' యతి చెల్లదు కదా. 'ధగధగ' తీసి 'భగ్గున' అంటే సరి.

అన్నానగర్ తాతగారు:
భేష్, మార్చేశాను.

నిర్వాహకుడు:
'భగ్గున'తో యతితోపాటు పేలుడూ వచ్చింది. శాస్త్రం వైపు ఒక పేచీ ఉంది. చంద్రశేఖర్ చెప్పింది తెల్లమరుగుజ్జు నక్షత్రం, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన చుక్క, సూర్యుడికి సుమారు 1.4 రెట్ల బరువు దాటితే నిలవలేదని. పేలుతుందని ఆనాడు అనలేదు. అందుకే 'చెప్పినట్లు' అన్న మాట 'బరువు మించి' దగ్గర ఆగాలి, మీ పద్యంలో 'పేలి' దాకా పాకింది. అక్కయ్య చుక్క తెల్లమరుగుజ్జు కాదు, అది భారీ నక్షత్రం గర్భం కుప్పకూలి పేలినది. 1572లో డెన్మార్క్ జ్యోతిశ్శాస్త్రవేత్త టైకో బ్రాహే కాసియోపియా నక్షత్రమండలంలో చూసినది మాత్రం తెల్లమరుగుజ్జే, దాన్నీ పగలు చూశారు. పద్యం కింద 1572 అని రాయండి, పేచీ మానేస్తాను.

ఈ వారం మొదటి స్థానం తాతగారిది, సవరించిన పాదంతో. రెండోది అక్కయ్యది.

వేళచ్చేరి:
నాకేమీ లేదా?

నిర్వాహకుడు:
నీకు నీటి లారీ రావాలని మా అందరి ఆశీస్సులు. వచ్చేవారం పాదం, మళ్ళీ ఆటవెలదే:

కొండకన్న బరువు గోరుముద్ద